తీసుకున్న చేయి, తిరిగివ్వాల్సిన చేయి

మామూలు ప్రోగ్రాం మెమరీ తీసుకుని తిరిగివ్వడం మర్చిపోయినా పెద్ద ప్రమాదం లేదు. అది ఆగిపోగానే కెర్నెల్ వచ్చి దాని పేరిట ఉన్నదంతా వెనక్కి తీసేసుకుంటుంది. కెర్నెల్లో నడిచే డ్రైవరే మర్చిపోతే వెనక్కి తీసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. మళ్ళీ రీబూట్ చేసేదాకా అది పోయినట్టే. అందుకే డ్రైవర్ లీక్ విషయంలో "ఎన్ని బైట్లు పోతున్నాయి?" అని ముందు అడగకండి. "లీక్ జరిగే దారిలోకి ఎవరు, ఎన్నిసార్లు రాగలరు?" అని అడగండి. అరవై బైట్ల లీక్ అయినా, గెస్ట్ (వర్చువల్ మెషీన్) తలచుకున్నప్పుడల్లా జరిగేదైతే దాన్ని నడిపే హోస్టు మొత్తాన్నీ పడగొడుతుంది.

ఈ అధ్యాయం పాస్‌త్రూ డ్రైవర్ల గురించి. గ్రాఫిక్స్ కార్డునో నెట్‌వర్క్ కార్డునో హోస్ట్ తాను వాడుకోకుండా నేరుగా వర్చువల్ మెషీన్ చేతికి అప్పగించడాన్నే పాస్‌త్రూ అంటున్నాం. లైనక్స్‌లో ఈ పని చేసేది వీఎఫ్ఐఓ. ఇది 2012లో 3.6 కెర్నెల్‌తో వచ్చింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిప్ కంపెనీల డ్రైవర్ టీముల్లో చేరే మనవాళ్ళలో చాలామందికి మొదటి ఏడాదిలోనే ఇలాంటి కోడు చేతికొస్తుంది. చేతికొచ్చేది కొత్తగా రాసే పని అయి ఉండటం తక్కువ. ఎవరో రాసి వెళ్ళిన దాంట్లో కారుతున్న చోటు వెతికే పనే ఎక్కువ. ఆ పనిని చిన్నచూపు చూడకండి. ఒక డ్రైవర్ నిజంగా ఎలా బతుకుతుందో దానంత బాగా నేర్పే పని ఇంకోటి నాకు తెలియదు.

గెస్ట్ మొదలయ్యేటప్పుడు ఏమేం తీసుకుంటామో వరసగా చూద్దాం. గెస్ట్‌ని నడిపే క్యూఈఎంయూ లాంటి ప్రోగ్రాం డివైస్ ఫైలు తెరుస్తుంది. దాంతో డ్రైవర్ మాడ్యూల్ మీద, పరికరం మీద రిఫరెన్సులు పెరుగుతాయి. డ్రైవర్ పరికరాన్ని ఎనేబుల్ చేసి, దాని కాన్ఫిగరేషన్‌ని ఒక చోట దాచుకుంటుంది. ఇంటరప్టులు గెస్ట్‌కి చేరాలి కాబట్టి వాటికోసం ఈవెంట్ ఎఫ్‌డీలు పట్టుకుంటుంది. ఇక గెస్ట్ ర్యామ్ ఉంది. పరికరం ఎప్పుడు ఏ పేజీలోకి డీఎంఏ చేస్తుందో (అంటే తానే నేరుగా రాస్తుందో) హోస్ట్‌కి ముందుగా తెలియదు. అందుకని ర్యామ్ మొత్తాన్నీ కదలకుండా పిన్ చేసి, పరికరం వాడే చిరునామాలని అసలు మెమరీ చిరునామాలుగా మార్చే ఐఓఎంఎంయూలో మ్యాప్ చేసి ఉంచాలి. 16 జీబీ గెస్ట్ అంటే 4 కేబీ చొప్పున 41,94,304 పేజీలు. ఎన్ని పిన్‌లు పడ్డాయో అన్నీ ఊడాలి.

గెస్ట్ సవ్యంగా షట్‌డౌన్ అయితే ఇవన్నీ ఊడతాయి. ఆ దారిని అందరూ పరీక్షిస్తారు కాబట్టి అక్కడ లీకులు ఎక్కువకాలం దాక్కోలేవు. అవి దాక్కునేది మిగతా దారుల్లో: సగం మొదలయ్యాక మెమరీ దొరకక ఆగిపోయినప్పుడు, క్యూఈఎంయూని ఎవరో కిల్ చేసినప్పుడు, గెస్ట్ పరికరాన్ని రీసెట్ చేసినప్పుడు, నిద్రపుచ్చి లేపినప్పుడు.

లీక్‌ని చాలామంది మతిమరుపు అనుకుంటారు. "ఇంకాస్త జాగ్రత్తగా రాస్తే సరిపోయేది" అంటారు. నేను ఒప్పుకోను. పెళ్ళికి వంట సామాను అద్దెకి తెచ్చినప్పుడు గరిటెలు పోయేది ఎవరో ఎత్తుకెళ్ళి కాదు. వంటవాళ్ళు లెక్క చూశారని మనమూ, మనం చూశామని వాళ్ళూ అనుకోవడం వల్ల పోతాయి. కెర్నెల్ లీకుల్లో నేను చూసినవి ఎక్కువ భాగం ఇలాంటివే. రెండు ఫంక్షన్లూ విడివిడిగా చూస్తే తప్పులేనట్టే ఉంటాయి. తీసుకున్నది తిరిగివ్వాల్సింది ఎవరన్నది వాటి మధ్య ఎక్కడా తేల్చి ఉండదు.

2022లో వీఎఫ్ఐఓ పీసీఐ డ్రైవర్‌లో సరిచేసిన ఒక లీక్‌ని దీనికోసం దగ్గరగా చూద్దాం. పీసీఐ పరికరం పూర్తిగా మేలుకుని ఉండే స్థితి డీ0. విద్యుత్తు ఆదా కోసం నిద్రపోయే స్థితి డీ3హాట్. కొన్ని పరికరాలు నిద్రనుంచి లేచేసరికి తమ కాన్ఫిగరేషన్‌ని మర్చిపోతాయి. అలాంటి వాటికోసం డ్రైవర్, నిద్రపుచ్చేటప్పుడు ఆ స్థితిని కాపీ తీసి పీఎం సేవ్ అనే పాయింటర్‌లో పెట్టుకుంటుంది. మళ్ళీ డీ0కి తెచ్చేటప్పుడు ఆ కాపీని పరికరంలోకి ఎక్కించి, మెమరీని వదిలేస్తుంది. రెండు పనులూ ఒకే ఫంక్షన్‌లో ఉన్నాయి. చదివితే ఎక్కడా లోటు కనిపించదు.

లోటు ఆ ఫంక్షన్ బయట ఉంది. పరికరం నిద్రలో ఉండగా రీసెట్ అడిగారనుకోండి. రీసెట్ చేసే పీసీఐ కోడు తన పని కోసం పరికరాన్ని తానే డీ0కి తెచ్చేస్తుంది. మన ఫంక్షన్‌కి కబురే అందదు. ఆ తర్వాత గెస్ట్ లేచి చూస్తే పరికరం అప్పటికే డీ0లో ఉంటుంది కాబట్టి, మార్చాల్సిందేమీ లేదని మన ఫంక్షన్‌కి పిలుపే రాదు. పీఎం సేవ్‌లో పాత కాపీ అలాగే ఉండిపోతుంది. తర్వాతి నిద్రప్పుడు కొత్త కాపీ చిరునామా దాని మీద పడుతుంది. పాత మెమరీని చేరే దారి ఇక ఎవరికీ లేదు. నిద్ర, రీసెట్, నిద్ర, రీసెట్ అని ఎవరైనా కావాలని తిప్పుతూ పోతే హోస్ట్ మెమరీ అయిపోయేదాకా వెళ్ళొచ్చు. దిద్దుబాటు ఎంతంటే, కొత్త కాపీ చిరునామా రాసే ముందు పాతదాన్ని కేఫ్రీ చేసే ఒక్క లైను. పాయింటర్ ఖాళీగా ఉన్నా కేఫ్రీ ఊరుకుంటుంది కాబట్టి పరీక్ష కూడా అక్కర్లేదు. ఆ లైను పైన మాత్రం ఇదంతా ఎందుకో వివరిస్తూ పొడవాటి కామెంట్ రాశారు. అది నాకు చాలా నచ్చింది. ఆ కామెంట్ లేకపోతే రెండేళ్ళ తర్వాత ఎవరో వచ్చి "ఇదెందుకు?" అని తీసేసేవారు.

దీన్నుంచి మీరు అలవాటు చేసుకోవాల్సిన సాధన ఒకటుంది. డ్రైవర్ స్ట్రక్చర్ తెరిచి, అందులో ఉన్న ప్రతి పాయింటర్ దగ్గరా ఆగండి. దీనిలోకి విలువ ఎక్కడెక్కడ రాస్తున్నారు? రాసే క్షణంలో దీనిలో ముందే ఏదైనా ఉండే వీలుందా? లేదని అనిపిస్తే, ఎందుకు లేదో ఒక వాక్యంలో కాగితం మీద పెట్టండి. ఆ వాక్యం "ముందు ఫలానా ఫంక్షన్ నడిచి ఉంటుంది కాబట్టి" అని మొదలైతే, ఆ ఫంక్షన్ నడవకుండా ఇక్కడికి చేరే దారి వెతకడం మొదలుపెట్టండి. తలలో అనుకుంటే చాలదు, రాయాలి. రాసేటప్పుడే అనుమానం బయటపడుతుంది.

రెండో ఉదాహరణ ఇంకా లోతైనది. ఇదీ 2022లో సరిచేసిందే. ఇంకా ఎవరూ ఏమీ రాయని మెమరీని ఒక ప్రోగ్రాం చదవబోతే లైనక్స్ కొత్త పేజీ కేటాయించదు. నిండా సున్నాలున్న ఒకే ఒక్క పేజీని అందరికీ చూపిస్తుంది. దాన్నే జీరో పేజీ అంటారు. చదవడానికి మాత్రమే అనుమతించే మ్యాపింగుల్లో వీఎఫ్ఐఓ ఈ పేజీని కూడా మిగతావాటిలాగే పిన్ చేసేది. తిరిగిచ్చే ఫంక్షన్ మాత్రం ముందు ఒక ప్రశ్న వేసేది: ఇది రిజర్వ్‌డ్ పేజీయా? అయితే దీన్ని మేం పట్టుకోలేదు, వదలాల్సిన పని లేదు. జీరో పేజీ మీద రిజర్వ్‌డ్ గుర్తు ఉంటుంది. అంటే తీసుకునేటప్పుడు మామూలు పేజీ, ఇచ్చేటప్పుడు ప్రత్యేక పేజీ. పడిన పిన్ పడినట్టే ఉండిపోయేది.

ఒక్క పిన్‌తో మునిగేదేముంది అనిపిస్తుంది. లెక్క చూడండి. మామూలు పేజీని పిన్ చేసినప్పుడు దాని రిఫరెన్స్ కౌంట్ ఒకటి కాదు, 1024 పెరుగుతుంది. పిన్‌ని మామూలు రిఫరెన్స్ నుంచి వేరుగా గుర్తుపట్టడానికి కెర్నెల్ పెట్టుకున్న పద్ధతి అది. కౌంట్ 32 బిట్‌లది, 214 కోట్లు దాటితే రుణసంఖ్య అయిపోతుంది. అంటే సుమారు 21 లక్షల పిన్‌లు కారితే చాలు. జీరో పేజీని హోస్ట్ మీద ఉన్న గెస్టులన్నీ పంచుకుంటాయి కాబట్టి లీకులన్నీ ఆ ఒక్క కౌంట్ మీదే పడతాయి. గెస్టులు పుడుతూ పోతూ ఉండే హోస్టులో అది నెమ్మదిగా నిండుతుంది. నిండాక ఆ పేజీని పిన్ చేయడానికి కెర్నెల్ ఒప్పుకోదు, ఏ పాపమూ ఎరగని గెస్ట్ మొదలవడం మానేస్తుంది. లీక్ చేసింది ఒకరు, దెబ్బ తిన్నది ఇంకొకరు. లాగ్‌లో చూస్తే దెబ్బ తిన్నవాడి పేరే ఉంటుంది.

దీన్ని సరిచేసిన తీరు మరీ మరీ చదవదగ్గది. సులువుగా తోచే దిద్దుబాటు తిరిగిచ్చే ఫంక్షన్‌లో జీరో పేజీకి ఒక మినహాయింపు రాయడం. లీక్ ఆగిపోయేది కూడా. కానీ రిజర్వ్‌డ్ పేజీలు యూజర్ లాక్ మెమరీ పరిమితిలోకి లెక్కకి రావు. ఒక్క యూజరే కావలసినన్ని మ్యాపింగులు చేసి, లీకేమీ లేకుండానే ఆ కౌంట్‌ని పొర్లించగలడు. అందుకని దిద్దుబాటు తీసుకునే వైపు చేశారు. జీరో పేజీ ఎప్పటికీ మెమరీలోనే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే అవసరమే లేదు. కాబట్టి పిన్ చేసి వచ్చిన పేజీల్లో అది కనిపిస్తే అప్పటికప్పుడే అన్‌పిన్ చేసేయడం. లీక్ కనబడగానే "ఎక్కడ ఇవ్వడం మానేశాం?" అనే ప్రశ్న మనకు వెంటనే వస్తుంది. "అసలు తీసుకోవడం అవసరమా?" అనేది రెండో ప్రశ్నగా అడిగే అలవాటు ఉన్నవాళ్ళు తక్కువ. అది అలవరచుకోండి.

ఇక గోటూ నిచ్చెన. కెర్నెల్ కోడింగ్ స్టైల్ పత్రమే దీన్ని సిఫారసు చేస్తుంది. మెట్టు మెట్టుగా తీసుకున్నవాటిని, ఎక్కడ తప్పితే అక్కడనుంచి తలకిందుల వరసలో వదులుతూ దిగడం. లేబుల్ పేరు ఏం వదులుతుందో చెప్పాలి. ఎర్రర్1, ఎర్రర్2 అని పెడితే మధ్యలో ఒక మెట్టు చేర్చిన రోజే అవి తప్పుదారి పట్టిస్తాయి. చదివేటప్పుడు కిందనుంచి పైకి చదవండి. ఇది అందరూ చెప్పేదే, అందుకని ఇక్కడ ఆగను. ఆగాల్సింది, నిచ్చెన సరిగ్గా ఉన్నా కారే చోట. అది సహాయక ఫంక్షన్ల ఒప్పందాల్లో ఉంటుంది.

డివైస్ రిజిస్టర్ విఫలమైతే చెయ్యి కేఫ్రీ వైపు వెళ్తుంది. వెళ్ళకూడదు. అప్పటికే ఆ వస్తువు రిఫరెన్స్ కౌంట్ పాలనలోకి వెళ్ళిపోయింది, పుట్ డివైస్ అనాలి. లేకపోతే దాని పేరుకోసం కేటాయించిన మెమరీ లాంటివి మిగిలిపోతాయి. రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో గెట్ సింక్ అనే ఫంక్షన్ విఫలమైనా కౌంట్‌ని పెంచే వెళ్తుంది. విఫలమైందని వెంటనే రిటర్న్ అయితే పరికరం ఇక ఎప్పటికీ నిద్రపోదు. ఇందులో ఎంతమంది పడ్డారంటే, చివరికి 5.10 కెర్నెల్‌లో రెజ్యూమ్ అండ్ గెట్ అనే కొత్త ఫంక్షన్ ఇచ్చారు. ఇది విఫలమైతే పెంచినదాన్ని తానే తగ్గిస్తుంది. పీసీఐ పరికరాలన్నిటినీ వరసగా చూసే లూప్ మాక్రో ఇంకో ఉచ్చు. ప్రతి అడుగులో పాత పరికరం రిఫరెన్స్‌ని వదిలి కొత్తదాన్ని పట్టుకుంటుంది కాబట్టి, చివరిదాకా నడిస్తే అంతా సరిపోతుంది. మనకు కావలసింది దొరికిందని మధ్యలో బ్రేక్ చేస్తే చేతిలో ఉన్నది చేతిలోనే ఉంటుంది. బ్రేక్ అనే ఒక్క మాట ఒక రిఫరెన్స్‌ని మన మీద పెడుతుంది, కోడులో ఎక్కడా గెట్ అన్న మాటే కనబడదు.

కాబట్టి మీ డ్రైవర్ పిలిచే ప్రతి బయటి ఫంక్షన్ సోర్సూ ఒక్కసారైనా తెరిచి చదవండి. డాక్యుమెంటేషన్ చాలదు. విఫలమైనప్పుడు అది ఏ స్థితిలో వదిలి వెళ్తుందో కళ్ళారా చూడాలి.

ఆటోమేటిక్‌గా వదిలే సదుపాయాలు ఉన్నాయి కదా, వీటన్నిటి గొడవ ఎందుకని అడగొచ్చు. డెవ్ఎం కుటుంబం 2007లో, 2.6.21 కెర్నెల్ నాటినుంచే ఉంది. పరికరంతో ముడిపెట్టి తీసుకుంటే, డ్రైవర్ ఆ పరికరాన్ని వదిలినప్పుడు అన్నీ వాటంతటవే పోతాయి. మామూలు డ్రైవర్లకి అది వరమే. పాస్‌త్రూ డ్రైవర్‌లో జాగ్రత్త పడాలి. ఇక్కడ డ్రైవర్ పరికరానికి అతుక్కుని నెలలు ఉంటుంది. ఆ లోపల గెస్టులు వస్తుంటాయి, పోతుంటాయి, డివైస్ ఫైలు ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఫైలు తెరిచే దారిలో డెవ్ఎం కేటాయింపు రాశారంటే, మూసినప్పుడు అది పోదు. తెరిచిన ప్రతిసారీ ఇంకొకటి పేరుకుంటుంది. డ్రైవర్‌ని తీసేసిన రోజున అన్నీ ఒకేసారి మాయమవుతాయి కాబట్టి లీక్ పట్టే పనిముట్లకీ అనుమానం రాదు. ఏ వస్తువు ఆయుష్షు దేనితో కట్టాలో ముందు తేల్చుకోండి: పరికరంతోనా, తెరిచిన ఫైలుతోనా, ఒక్క ఐఓకంట్రోల్ పిలుపుతోనా. చివరి రకానికి 2023లో 6.5 కెర్నెల్‌తో వచ్చిన ఫ్రీ, గార్డ్ సదుపాయాలు చాలా బాగా పనికొస్తాయి. ఫంక్షన్ ఎటునుంచి బయటపడినా వదిలేస్తాయి. అయితే ఒకే ఫంక్షన్‌లో వాటినీ గోటూ నిచ్చెననీ కలపకండి. కలిపితే వదిలే వరస ఏమిటో చదివేవాడికి అంతుపట్టదు.

లీక్ సరిచేసే ఉత్సాహంలో దానికంటే పెద్ద తప్పు దొర్లుతుంది. ఒక పుట్, అంటే రిఫరెన్స్ వదిలే పిలుపు, తక్కువైతే మెమరీ పోతుంది. ఒక పుట్ ఎక్కువైతే ఎవరో ఇంకా వాడుతున్న మెమరీ ఇంకొకరి చేతికి వెళ్తుంది. మొదటిది యంత్రాన్ని నెమ్మదిగా పడగొడుతుంది, రెండోది దాడి చేసేవాడికి తలుపు తీస్తుంది. పాస్‌త్రూలో ఇది మరీ భయంకరం, ఎందుకంటే ప్రాసెసర్‌తో పనిలేకుండా పరికరమే మెమరీలోకి రాయగలదు. వదిలే వరసని అందుకే కంఠతా పట్టండి. ముందు పరికరం డీఎంఏ చేయడం ఆపాలి. ఆ తర్వాత ఐఓఎంఎంయూలో మ్యాపింగ్ తీసి, దాని కాష్‌లో మిగిలిన పాత అనువాదాలు తుడవాలి. పేజీని అన్‌పిన్ చేయడం అన్నిటికంటే చివర. ఈ వరస తిరగబడితే, గెస్ట్‌దనుకుని పరికరం రాసిన డేటా అప్పటికే ఇంకొక ప్రోగ్రాంకి ఇచ్చేసిన పేజీలో పడుతుంది. ఆ ప్రోగ్రాం ఎందుకు చెడిందో కనిపెట్టడం దాదాపు అసాధ్యం. ఎక్కడ వదలాలో పూర్తిగా తెలియనప్పుడు ఊహించి ఒక పుట్ చేర్చకండి. కొన్నాళ్ళు లీక్‌నే భరించండి.

వెతకడానికి పనిముట్ల విషయం. 2.6.31 కెర్నెల్‌తో 2009లో వచ్చిన కేమెమ్‌లీక్ మెమరీ అంతా వెతుకుతూ, కేటాయించిన ఏ ముక్క చిరునామా ఎక్కడా కనబడడం లేదో చెబుతుంది. పైన చెప్పిన పీఎం సేవ్ లాంటివి దీనికి చిక్కుతాయి. జీరో పేజీ లాంటివి చిక్కవు, ఎందుకంటే కౌంట్ పెరగడాన్ని అది చూడదు. పిన్‌లకోసం ప్రాక్ కింద ఉన్న వీఎంస్టాట్ ఫైలు తెరవండి. ఇప్పటివరకు పడిన పిన్‌ల సంఖ్య, ఊడిన పిన్‌ల సంఖ్య రెండూ విడివిడిగా అందులో ఉంటాయి. గెస్ట్ మొదలయ్యే ముందు వాటి తేడా రాసుకోండి, గెస్ట్ పోయాక మళ్ళీ చూడండి. ఆ సమయంలో పిన్‌లు వేసే పని ఇంకేదీ నడవకుండా చూసుకుంటే, తేడా పెరిగిందంటే కారినట్టే. ఎర్రర్ దారుల్లోకి కోడుని తోయడానికి ఫాల్ట్ ఇంజెక్షన్ ఉంది. కేటాయింపులు కావాలని విఫలమయ్యేలా చేస్తుంది. మొదటి కేటాయింపు విఫలం, రెండోది విఫలం, మూడోది విఫలం అని వరసగా పోతూ ప్రతిసారీ కేమెమ్‌లీక్‌నీ, వీఎంస్టాట్ తేడానీ చూస్తే, ఎవరూ నడవని దారులన్నీ మీరు నడిచినట్టవుతుంది. ఇది విసుగు పుట్టించే పని. స్క్రిప్టు రాసి రాత్రంతా వదిలేయండి. క్యూఈఎంయూని మొదలవుతున్న మధ్యలో కిల్ చేయడం, గెస్ట్ పరికరం నిద్రలో ఉండగా రీసెట్ చేయడం కూడా ఆ స్క్రిప్టులో ఉండాలి.

పనిముట్లకి చిక్కనిది ఒకటుంది. లెక్కలోకే రాని వాడకం. 2019లో బయటపడిన సీవీఈ-2019-3882 అలాంటిది. మెమరీని మ్యాప్ చేస్తే యూజర్ పరిమితిలోకి లెక్క పడుతుంది. పరికరం తాలూకు ఎంఎంఐఓని మ్యాప్ చేస్తే అక్కడ పిన్ ఉండదు కాబట్టి లెక్క పడేది కాదు. కానీ ఆ మ్యాపింగ్‌ని గుర్తుంచుకోవడానికి కెర్నెల్ తన మెమరీని ఖర్చు పెట్టేది. ప్రతిదాన్నీ సరిగ్గా తిరిగిచ్చే కోడు అది, అయినా యూజర్ అడుగుతూ పోతే హోస్ట్ ఖాళీ. చివరికి వీఎఫ్ఐఓలో మ్యాపింగులన్నీ ఉండే కంటైనర్ ఒక్కోదానికి 65,535 మ్యాపింగులని హద్దు పెట్టారు. లీక్ వెతికేటప్పుడు ఈ కోణం కూడా పక్కన పెట్టుకోండి: తీసుకున్నది ఎవరి ఖాతాలో రాస్తున్నాం?

దిద్దాక ప్యాచ్ పంపాలి. ఒక లీక్‌కి ఒక ప్యాచ్. పక్కన కనబడిన స్పేసింగ్ లోపాలు అందులో కలపకండి, ఎందుకంటే ఈ ప్యాచ్ పాత కెర్నెళ్ళలోకి కూడా వెళ్తుంది. వివరణలో "మెమరీ లీక్ సరిచేశాను" అని వదిలేయకుండా దారి మొత్తం రాయండి: ఎవరు ఏ పిలుపు చేస్తే ఇక్కడికి వస్తారు, ఏది మిగిలిపోతుంది, మామూలు యూజర్ దాన్ని కావాలని పదేపదే చేయగలడా. తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో గిట్ బ్లేమ్‌తో వెతికి, దాని గుర్తులోని మొదటి 12 అక్షరాలతో ఫిక్సెస్ లైను పెట్టండి. స్టేబుల్ కెర్నెళ్ళకి వెళ్ళాల్సినదైతే స్టేబుల్ చిరునామాని సీసీ లైనులో చేర్చండి. ఆ పాత కమిట్ రాసినవాళ్ళ మీద ఒక్క విసురు మాట కూడా వద్దు. వాళ్ళు రాసినప్పుడు రీసెట్ దారి ఇంకోలా ఉండి ఉండొచ్చు.

పనిముట్టుతో పట్టినదైతే ఏ పనిముట్టో చెప్పండి. పరికరం మీద నడిపి చూశారో, కంపైల్ మాత్రమే చేశారో దాచకుండా రాయండి. పాస్‌త్రూ ప్యాచ్‌లు చూసే మెయింటైనర్ మొదట అడిగేది అదే, మీ దగ్గర ఆ కార్డు లేకపోతే ఉన్నవాళ్ళు ఎవరైనా నడిపి చెబుతారు. గెట్ మెయింటైనర్ స్క్రిప్టు చూపిన చిరునామాలన్నిటికీ పంపి వారం ఆగండి. జవాబు రాకపోతే అదే ప్యాచ్ కింద మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. "ఇక్కడ పుట్ ఎక్కువవుతోంది" అని ఎవరైనా అంటే, వాదన మొదలుపెట్టే ముందు వాళ్ళు చెప్పిన దారిలో కౌంట్‌ని ఒక్కో లైనూ నడిచి చూసి, ఆ నడకనే జవాబుగా రాయండి.